పైవాళ్ల జీతం కోట్లలో, కొత్తగా చేరేవాళ్ల జీతం పన్నెండేళ్లుగా అక్కడే: ఇది న్యాయమేనా?

చైతన్యపురి_సాయి | 14 ఆగస్టు 2025, రాత్రి 10:20

అందరికీ నమస్తే. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇది. మీ అభిప్రాయాలు కావాలి.

మా తమ్ముడికి పోయిన వారం క్యాంపస్‌లో ఐటీ ఆఫర్ వచ్చింది. ఏడాదికి 3.6 లక్షలు. అమ్మ పాయసం చేసింది, వీధంతా పంచింది. ఆ సంతోషంలో నేనూ ఉన్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం నా పాత ఆఫర్ లెటర్ గుర్తొచ్చింది. 2013లో నాకు వచ్చింది 3.25 లక్షలు. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌కి తిండితో కలిపి నెలకు 3,500 కట్టేవాణ్ని. ఇప్పుడు తమ్ముడి కోసం అడిగితే అదే వీధిలో 8,500 చెప్పారు. పీఎఫ్, ఇతర కోతలు పోగా వాడి చేతికి పాతిక వేలు వస్తే గొప్ప.

అదే సమయంలో పైన ఏం జరిగిందో చూడండి. ఇన్ఫోసిస్ సీఈవో సలీల్ పారేఖ్‌కు 2024-25లో అందింది 80.62 కోట్లు. అంతకు ముందు ఏడాది 66.25 కోట్లు. అంటే ఒక్క ఏడాదిలో 22 శాతం పెరుగుదల. టీసీఎస్ సీఈవో కృతివాసన్‌కు 26.52 కోట్లు. అదే టీసీఎస్ పోయిన నెలలో 12 వేల మందికి పైగా ఉద్యోగులను తీసేస్తామని ప్రకటించింది. ఏప్రిల్‌లో రావాల్సిన ఇంక్రిమెంట్లు వాయిదా పడి, సెప్టెంబరు నుంచి 80 శాతం మందికి ఇస్తామని మొన్ననే చెప్పారు.

వాళ్లు పనిచేయట్లేదని నేను అనను. లక్షల మంది ఉన్న కంపెనీని నడపడం మామూలు విషయం కాదు. కానీ పైన అంత పెరిగినప్పుడు కింద పన్నెండేళ్లలో 35 వేలే పెరగడం ఎలా న్యాయం అవుతుంది? ఇది నాకు నిజంగా అర్థం కాక అడుగుతున్నాను.

---

రిటైర్డ్_బ్యాంకు_శేషగిరి | 14 ఆగస్టు, రాత్రి 11:05

సాయి బాబూ, మీ తమ్ముడికి నా ఆశీస్సులు. నీ బాధ అర్థమైంది. అయితే ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో లెక్కలు చూసినవాణ్ని, ఒక చిన్న భాగహారం చేసి చూపిస్తాను.

ఇన్ఫోసిస్‌లో ఈ మార్చి నాటికి 3 లక్షల 23 వేల మంది ఉద్యోగులు. ఆయన 80.62 కోట్లూ తీసుకుని అందరికీ సమానంగా పంచితే తలకు ఏడాదికి సుమారు 2,490 రూపాయలు. నెలకు 207. సీఈవో పైసా తీసుకోకుండా పనిచేసినా మీ తమ్ముడి లాంటి కుర్రాడికి పెరిగేది అంతే.

ఇంకొకటి. ఆ 80 కోట్లలో 49.5 కోట్లు షేర్ల రూపంలో వచ్చినవి. కంపెనీ షేరు పడిపోతే వాటి విలువా పడిపోతుంది. నగదుగా వచ్చే స్థిర జీతం ఏడున్నర కోట్లకు కొంచెం అటూ ఇటూ. కంపెనీ నికర లాభం 26 వేల కోట్లు దాటింది. అందులో ఆయనకు పోయింది మూడు వందల రూపాయలకు ఒక రూపాయి లెక్క. సమర్థుడికి ఆ మాత్రం ఇవ్వకపోతే ఇంకో కంపెనీ ఎగరేసుకుపోతుంది.

---

పేరోల్_పద్మ | 15 ఆగస్టు, ఉదయం 7:40

శేషగిరి గారూ, మీ భాగహారం తప్పులేదు. కానీ సాయి అడిగింది 80 కోట్లు పంచమని కాదు కదండీ. పైవాళ్ల పెంపు ఒక సూత్రంతో, కిందివాళ్ల పెంపు ఇంకో సూత్రంతో ఎందుకు జరుగుతోందని.

నేను ఒక మందుల కంపెనీ పేరోల్‌లో, అంటే జీతాల లెక్కలు చూసే విభాగంలో, పదకొండేళ్లుగా ఉన్నాను. లోపల ఎలా జరుగుతుందో చెప్తాను. పెద్దవాళ్ల జీతం నిర్ణయించేటప్పుడు బోర్డులోని కమిటీ, బయటి కన్సల్టెంటును పెట్టి, ఇలాంటి కంపెనీల సీఈవోలకు ఎంత ఇస్తున్నారో పట్టిక తెప్పిస్తుంది. మన వాడు ఆ పట్టికలో సగం కన్నా కింద ఉంటే ఎవరూ ఒప్పుకోరు. మా సీఈవో సగటు కన్నా తక్కువవాడా అనిపిస్తుంది. అందరూ మధ్య గీత పైనే ఉండాలనుకుంటే ఆ గీత ప్రతి ఏడాదీ పైకి జరగక ఏం చేస్తుంది?

ఫ్రెషర్ల విషయానికి వస్తే అదే పట్టిక తిరగబడి పనిచేస్తుంది. పక్క కంపెనీ 3.5 ఇస్తోంది, మనమెందుకు 4 ఇవ్వాలి అంటారు. కాలేజీల నుంచి ఏటా లక్షల మంది వస్తున్నారు, ఒకరు కాదంటే ఇంకొకరు చేరతారు. చూసేది ఒకే మార్కెట్టు. పైవాళ్ల పట్టికను పోగొట్టుకుంటామనే భయంతో చూస్తారు, కిందివాళ్ల పట్టికను ఎంత తక్కువకు దొరుకుతారో తెలుసుకోవడానికి చూస్తారు. ఈ మీటింగులకు కాగితాలు సర్దినదాన్ని కాబట్టి ధైర్యంగా చెప్పగలను.

---

డల్లాస్_రఘు | 15 ఆగస్టు, ఉదయం 8:15

పద్మ గారు చెప్పిన పట్టిక ఆట అమెరికాలో ముందే మొదలైంది. ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం ఇక్కడి పెద్ద కంపెనీల సీఈవో 1965లో మామూలు ఉద్యోగి కన్నా 21 రెట్లు సంపాదించేవాడు. 2023లో అది 290 రెట్లు. మనిషి సామర్థ్యం అరవై ఏళ్లలో పద్నాలుగు రెట్లు పెరిగిందంటే నేను నమ్మను.

మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదువుకున్న మైక్రోసాఫ్ట్ సీఈవో సత్య నాదెళ్లను చూసి గర్వపడతాం. నేనూ పడతాను. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆయనకు వచ్చింది 7.91 కోట్ల డాలర్లు. సైబర్ భద్రతలో లోపాలు జరిగినందుకు తన నగదు బోనస్ తగ్గించమని ఆయనే అడిగారు, తగ్గించారు కూడా. అది మంచి విషయమే. అయినా షేర్ల వల్ల మొత్తం 63 శాతం పెరిగింది. 2023లో ఆ కంపెనీ 10 వేల మందిని తీసేసింది, శాశ్వత ఉద్యోగులకు ఆ ఏడాది జీతం పెంపు లేదని చెప్పింది. ఈ ఏడాది మేలో 6 వేలు, జూలైలో 9 వేలు.

హెచ్1బీ వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి. మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురు ఆ టెన్షన్‌లో ఉన్నారు. పిల్లల స్కూలు తెరిచే రోజులివి.

---

గోదావరిఖని_రమ | 15 ఆగస్టు, ఉదయం 9:30

మీరంతా ఐటీ, అమెరికా అంటున్నరు. నేను బొగ్గుబాయి ముచ్చట చెప్త.

మా నాన్న సింగరేణిల పర్మనెంట్ కార్మికుడు, రిటైర్ అయిండు. సింగరేణి సర్కారు కంపెనీ. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అక్కడ పైన ఉండే పెద్ద సారుకు కోట్ల జీతం ఉండదు. ప్రభుత్వ రంగంల అతి పెద్ద కంపెనీల సీఎండీకి కూడా మూల వేతనం నెలకు 2 లక్షల నుంచి 3.7 లక్షలే. సీనియర్ కార్మికుడికి అలవెన్సులు, ఓవర్‌టైం కలిపితే నెలకు లక్ష దాటుతది. మీరంటున్న వందల రెట్లు అక్కడ లేనే లేదు. లాభాలు వస్తే కార్మికులకు వాటా ఇస్తరు. పోయిన ఏడాది 33 శాతం, 796 కోట్లు పంచిన్రు. ఒక్కొక్కరికి సగటున 1 లక్షా 90 వేలు. దసరాకు ముందు ఆ పైసలు పడితే గోదావరిఖని బజార్ల అడుగు పెట్టనీకి జాగ ఉండదు. నా పెండ్లికి బంగారం కూడ ఆ పైసలతోనే కొన్నరు.

ఇది ఎందుకు చెప్తున్ననంటే, పైన తక్కువ తీసుకుంటే కంపెనీ మునగదు. వంద ఏండ్లు దాటిన కంపెనీ అది.

---

సీఎస్_మూర్తి_బెజవాడ | 15 ఆగస్టు, మధ్యాహ్నం 12:10

కంపెనీ సెక్రటరీగా చట్టం ఏం చెప్తోందో వివరిస్తాను. చాలామంది మన దేశంలో సీఈవో జీతానికి పరిమితే లేదనుకుంటారు. ఉంది. 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ కంపెనీలో డైరెక్టర్లందరి పారితోషికం కలిపి నికర లాభంలో 11 శాతం దాటకూడదు. ఒక మేనేజింగ్ డైరెక్టరుకు 5 శాతం. దాటాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. ఇదివరకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కూడా కావాల్సి వచ్చేది, 2018లో ఆ అవసరం తీసేశారు.

శాతంలో పెట్టడం వల్ల చిక్కు ఎక్కడొచ్చిందంటే, 26 వేల కోట్ల లాభం ఉన్న కంపెనీకి 5 శాతం అంటే 1,300 కోట్లు. 80 కోట్లు ఆ గీతకు ఎక్కడో అడుగున ఉంటుంది. చిన్న కంపెనీకి ఆ గీత గొంతు దగ్గర ఉంటుంది, పెద్ద కంపెనీకి కనుచూపు మేరలో ఉండదు.

ప్రమోటర్ల, అంటే కంపెనీని పెట్టి నడిపే యజమానుల సంగతి వేరు. సొంత కుటుంబమే నడిపే లిస్టెడ్ (షేర్ మార్కెట్‌లో నమోదైన) కంపెనీలో ప్రమోటర్ డైరెక్టర్ జీతం 5 కోట్లు లేదా లాభంలో 2.5 శాతం, రెంటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటితే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం ప్రకారం ప్రత్యేక తీర్మానం పెట్టాలి. అంటే పడిన ఓట్లలో నాలుగింట మూడొంతులు అనుకూలంగా రావాలి. ఇది కాగితం మీది మాట కాదు. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్‌లో ప్రమోటర్ సిద్ధార్థ లాల్ పునర్నియామకం, జీతం కలిపి పెట్టిన తీర్మానం వీగిపోయింది. వ్యతిరేకంగా పడింది 27 శాతమే, అది చాలింది. 2014లో టాటా మోటార్స్‌లోనూ ఉన్నతాధికారుల జీతాల తీర్మానాలను వాటాదారులు ఓడించారు.

2017 ఏప్రిల్ కూడా గుర్తు చేయాలి. ఇన్ఫోసిస్ సీఓఓ (రోజువారీ కార్యకలాపాలు చూసే ఉన్నతాధికారి) ప్రవీణ్ రావు పారితోషికం పెంచినప్పుడు కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి గారే బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. ఎక్కువమంది ఉద్యోగులకు 6 నుంచి 8 శాతం పెంచి, పైస్థాయి వ్యక్తికి 60 నుంచి 70 శాతం పెంచడం సరికాదన్నారు. తీర్మానం మాత్రం నెగ్గింది.

---

రిటైర్డ్_బ్యాంకు_శేషగిరి | 15 ఆగస్టు, మధ్యాహ్నం 3:25

> "పైన తక్కువ తీసుకుంటే కంపెనీ మునగదు"

రమ అమ్మా, సింగరేణి మాట బాగుంది. కానీ బొగ్గు గనికి పోటీ లేదు. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి కాంట్రాక్టుకూ పదిమంది పోటీ. సరైన నాయకుడు లేక కుప్పకూలిన కంపెనీని మన హైదరాబాద్‌లోనే చూశాం. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల గుట్టు బయటపడినప్పుడు మా బ్రాంచిలో జీతం ఖాతాలున్న పిల్లలు వచ్చి, ఇంటి లోను వాయిదా ఎలా కట్టాలని ఏడ్చారు. పైన కూర్చున్నవాడు చెడితే కింద ఎంతమంది చెడతారో ఆ రోజు కళ్లారా చూశాను. మంచివాణ్ని పెట్టుకోవడానికి ఖర్చు పెట్టడం తప్పని నేను అనలేను.

ముకేశ్ అంబానీ 2008-09 నుంచి జీతం 15 కోట్ల దగ్గరే ఆపుకున్నారు. 2020-21 నుంచి అసలు జీతమే తీసుకోవడం లేదు. దాని వల్ల కింద ఉద్యోగి జీతం పెరిగిందని ఎవరైనా చూపించగలరా?

---

చైతన్యపురి_సాయి | 15 ఆగస్టు, సాయంత్రం 6:50

బాబాయ్ గారూ, మీరు అంబానీ పేరు ఎత్తగానే నాకు వేరే ఆలోచన వచ్చింది. ప్రమోటర్‌కు జీతం దేనికండీ, డివిడెండ్ (లాభంలోంచి షేర్ల మీద ఇచ్చే వాటా) వస్తుంది కదా. అప్పుడు అసలు డబ్బు ఎటు పోతోందో చూడాలనిపించింది. ఇన్ఫోసిస్ పోయిన ఏడాదికి షేరుకు 43 రూపాయలు డివిడెండ్ ఇచ్చింది. మొత్తం 17 వేల కోట్లకు పైగానే అవుతుంది. మీ భాగహారమే దాని మీద చేస్తే తలకు ఐదు లక్షలు దాటుతోంది. తమ్ముడి ఏడాది జీతం కన్నా ఎక్కువ.

వాటాదారులకు ఇవ్వొద్దని నేను అనను, డబ్బు పెట్టినవాళ్లు వాళ్లు. కానీ సీఈవోకు షేర్లలో జీతం ఇవ్వడం మొదలుపెట్టాక ఆయన మనసు వాటాదారుల వైపే ఉంటుంది. కింద ఒక రూపాయి జీతం పెరిగితే మార్జిన్ (ఆదాయంలో లాభం శాతం) తగ్గుతుంది, మార్జిన్ తగ్గితే షేరు పడుతుంది, షేరు పడితే ఆయన జీతం పడుతుంది. నెలకు 207 రూపాయల నష్టం చిన్నదే. కానీ కిందివాళ్ల పెంపును ఆపడానికి ఆయనకు 49 కోట్ల కారణం ఉంది. నన్ను బాధపెట్టేది ఇది.

ఇది చెడ్డ మనుషుల గురించి రాస్తున్నది కాదు. మా మేనేజర్ చాలా మంచివాడు. నాకు 4 శాతం హైక్ చెప్పేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

---

తడ_ఫ్యాక్టరీ_వెంకీ | 15 ఆగస్టు, రాత్రి 8:35

అన్నా, మీరు 3.6 లక్షలు తక్కువ అంటా ఉంటే చదవతా కూర్చున్నా. నేను డిప్లొమా చేసినా. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు. నాలుగేళ్లు అయింది. చేతికి 14,200 వస్తాది. నాతో పాటు అదే మిషను మీద, అదే షిఫ్టులో పర్మనెంటు అన్న ఒకాయన ఉండాడు. ఆయనకు 38 వేలు. ఇద్దరి డ్రస్సు రంగు వేరే. క్యాంటీన్లో ఆయన కూపను వేరే, నా కూపను వేరే. ఆయన నన్ను తమ్ముడూ అని పిలస్తాడు, పని నేర్పించింది కూడా ఆయనే. ఆయన మీద నాకు కోపం లేదు.

మా కంపెనీ సీఈవో ఎవరో, ఎంత తీసుకుంటాడో నాకు తెలీదు. నా జీతం స్లిప్పు మీద ఉండేది కాంట్రాక్టరు పేరు. నేను ఎవర్ని అడగల్ల?

---

పేరోల్_పద్మ | 15 ఆగస్టు, రాత్రి 9:55

వెంకీ, నీ పోస్టు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను తమ్ముడూ.

ఇందాక మూర్తి గారు చెప్పని విషయం ఒకటుంది. అదే 197వ సెక్షన్ కింద ప్రతి లిస్టెడ్ కంపెనీ, ఒక్కో డైరెక్టర్ పారితోషికం మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో వార్షిక నివేదికలో రాయాలి. మధ్యస్థ ఉద్యోగి అంటే అందర్నీ జీతం క్రమంలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడే మనిషి. పేపర్లలో వచ్చే ఇన్ని వందల రెట్లు అనే వార్తలు అక్కడి నుంచే వస్తాయి.

ఆ వరుసలో నిలబడేది కంపెనీ రోల్స్‌లో ఉన్నవాళ్లు మాత్రమే. కాంట్రాక్టరు రోల్స్‌లో ఉన్నవాళ్లు అందులో ఉండరు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాంటీన్, లోడింగ్, వెంకీ లాంటి మిషను ఆపరేటర్లు, ఎవరూ లేరు. నేనే ఈ లెక్క వేస్తాను. ఒక ఏడాది మా దగ్గర ప్యాకింగ్ సెక్షన్‌ను కాంట్రాక్టుకు ఇచ్చారు. తక్కువ జీతం ఉన్న రెండు వందల మంది నా పట్టికలోంచి పోయారు. మధ్యస్థ జీతం పెరిగింది, ఎండీ గారి రెట్లు తగ్గాయి. నివేదికలో చూసినవాళ్లకు ఈ కంపెనీలో అంతరం తగ్గిందని కనిపించింది. నిజానికి ఆ రెండు వందల మందీ ఆ ఏడాదే తక్కువ జీతానికి పడిపోయారు. ఆ షీటు సేవ్ చేసి ఇంటికొచ్చిన రోజు నాకు అన్నం సయించలేదు.

అందుకే రెట్ల లెక్క ఒక్కటే చూసి న్యాయం తేల్చకండి.

---

గోదావరిఖని_రమ | 15 ఆగస్టు, రాత్రి 10:30

పద్మక్కా, పొద్దున నేను రాసిన దాంట్ల సగమే చెప్పిన. ఇప్పుడు మిగిలింది కూడ చెప్పాలె. పోయిన ఏడాది పర్మనెంట్ కార్మికునికి సగటున 1 లక్షా 90 వేలు వచ్చినప్పుడు, కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చింది 5 వేలు. అది కూడ మొదటిసారి ఇచ్చుడు, అంతకు ముందు అదీ లేదు. ఓపెన్‌కాస్టుల (పైనుంచి తవ్వే గనుల) మట్టి తీసేది, బొగ్గు లారీలు నడిపేది, కాలనీలు ఊడ్చేది ఎక్కువ వాళ్లే. 2022ల వాళ్లు జీతాల కోసం రోజుల తరబడి సమ్మె చేసిన్రు.

మా కంపెనీల పైకి కిందికి తేడా తక్కువని పొద్దున గొప్పగా రాసిన. తేడా పోలేదు, గేటు దగ్గరికి జరిగింది.

---

అనంత_ఉపాధ్యాయుడు | 16 ఆగస్టు, ఉదయం 6:45

ఆర్థికశాస్త్రం చెప్పే లెక్చరర్‌ని. రెండు విషయాలు చెప్పి ఊరుకుంటాను.

ఒకటి, సాయి భావన భ్రమ కాదు. ఈ జనవరిలో పార్లమెంటులో పెట్టిన కేంద్ర ఆర్థిక సర్వేనే ఆ మాట ఒప్పుకుంది. 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతమే. జీడీపీలో వాటాగా లాభాలు 15 ఏళ్ల గరిష్ఠానికి చేరాయి, జీతాలు వెనకబడ్డాయి. ధరల సూచీ చూస్తే 2012లో 100 ఉన్నది ఇప్పుడు 190 దాటింది. కాబట్టి 2013 నాటి 3.25 లక్షలకు సమానం కావాలంటే ఈ రోజు ఫ్రెషర్‌కు దాదాపు 6 లక్షలు రావాలి. 3.6 అంటే పెంపు కాదు, గట్టి కోత. మరోవైపు జాతీయ కనీస వేతన గీత రోజుకు 178 రూపాయల దగ్గర 2019 నుంచి కదల్లేదు. మన రాష్ట్రాల్లో నిర్ణయించినవి అంతకన్నా ఎక్కువే ఉన్నా, దేశం మొత్తానికి పెట్టిన గీత అది.

రెండు, పైన గీత గీయాలని స్విట్జర్లాండ్‌లో ప్రయత్నించారు. కంపెనీలో అత్యధిక జీతం అత్యల్ప జీతానికి 12 రెట్లు మించకూడదని 2013 నవంబరులో ప్రజల ఓటుకు పెట్టారు. 65 శాతం మంది వద్దన్నారు. అదే ఏడాది మార్చిలో పైవాళ్ల జీతం మీద వాటాదారుల ఓటు తప్పనిసరి చేసే ప్రతిపాదనకు మాత్రం 68 శాతం మంది ఒప్పుకున్నారు. ప్రభుత్వం గీత గీయడం ఇష్టపడని జనం కూడా, అడిగే హక్కు కావాలనుకున్నారు. స్పెయిన్‌లో మోండ్రాగన్ సహకార సంస్థలు చాలా తక్కువ రెట్లతో దశాబ్దాలుగా నడుస్తున్నాయి. అక్కడ పనిచేసేవాళ్లే యజమానులు కాబట్టి సాధ్యమైంది.

---

డల్లాస్_రఘు | 16 ఆగస్టు, ఉదయం 7:30

మాస్టారూ, 6 లక్షల లెక్క చూసి గట్టిగా నిట్టూర్చాను. నేను 2007లో ఆన్‌సైట్, అంటే కంపెనీ పని మీద అమెరికాకు, వచ్చేశాను కాబట్టి బయటపడ్డాను. నా వెనక వచ్చినవాళ్లకు ఆ మెట్టు లేకుండా పోయింది.

---

సీఎస్_మూర్తి_బెజవాడ | 16 ఆగస్టు, ఉదయం 10:20

పద్మ గారూ, కాంట్రాక్టు వాళ్లు మధ్యస్థ లెక్కలో ఉండరన్నది నిజమే. నేను ఆ పట్టికలు ఎన్నో దాఖలు చేశాను, ఒక్కసారి కూడా అటు ఆలోచించలేదు. ఒప్పుకోవాలి.

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) తప్పనిసరిగా ఇవ్వాలి. వార్షిక నివేదికలోనే ఉంటుంది. అందులో శాశ్వత ఉద్యోగులు, కార్మికులు ఎందరో, శాశ్వతం కానివాళ్లు ఎందరో విడివిడిగా రాయాలి. 5వ సూత్రం కింద ఇంకో పట్టిక ఉంది. కనీస వేతనానికి సమానంగా పొందేవాళ్లు ఎందరు, అంతకన్నా ఎక్కువ పొందేవాళ్లు ఎందరు అని. శాశ్వతం కానివాళ్లకూ అక్కడ గడి ఉంది. వెంకీ, నువ్వు పనిచేసే ఫ్యాక్టరీ లిస్టెడ్ కంపెనీదైతే నీ సంఖ్య ఆ గడిలో ఉండాలి.

---

చైతన్యపురి_సాయి | 16 ఆగస్టు, రాత్రి 9:10

మూర్తి గారూ, మీరు చెప్పాక మా కంపెనీ నివేదిక డౌన్‌లోడ్ చేశాను. 340 పేజీలు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా తెరవలేదు.

సీఈవో జీతం మొదట్లోనే దొరికింది, రెట్లు కూడా ఉన్నాయి. బీఆర్‌ఎస్‌ఆర్ 200 పేజీల తర్వాత ఉంది. శాశ్వతం కానివాళ్లు కొన్ని వేల మంది ఉన్నట్టు ఒకచోట రాశారు. కనీస వేతనం పట్టికలో వాళ్ల గడి దగ్గర వర్తించదు అని ఉంది. మూడుసార్లు చూశాను. వేల మంది ఉన్నారని వాళ్లే రాసి, వాళ్ల జీతం దగ్గర వర్తించదు అని రాశారు.

మా ఫ్లోర్‌లో హౌస్‌కీపింగ్ చేసే అక్క ఉంది. ఉదయం ఆరింటికి వస్తుంది. నా డెస్కు మీద తమ్ముడి ఫొటో చూసి ఎప్పుడూ అడుగుతుంది, చదువైపోయిందా అని. మొన్న ఆఫర్ వచ్చిందని చెబితే నాకన్నా ఎక్కువ సంబరపడింది. ఎల్లుండి సోమవారం ఆమెను చూసినప్పుడు ఆ గడి గుర్తొస్తుంది.

---

రిటైర్డ్_బ్యాంకు_శేషగిరి | 17 ఆగస్టు, ఉదయం 8:00

సాయి, రాత్రి నువ్వు ప్రైవేటు మెసేజ్‌లో చెప్పిన కంపెనీలో నాకు 120 షేర్లు ఉన్నాయి. రిటైర్మెంట్ డబ్బుతో కొన్నవి. దాని డివిడెండ్‌తోనే మీ పిన్నికి బీపీ, షుగర్ మందులు వస్తున్నాయి, అది దాచను.

సమర్థుడైన నాయకుడికి ఎక్కువ ఇవ్వడం తప్పు కాదన్న నా మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. కానీ బ్యాంకులో మేము ఏ గడీ ఖాళీగా వదిలేవాళ్లం కాదు. ఆడిటరు ఊరుకునేవాడు కాదు. మనుషులున్న చోట వర్తించదు అని రాస్తే అది లెక్క కాదు. వాటాదారుగా నా పేరు మీద తయారైన నివేదిక అది.

ఆ కంపెనీ వార్షిక మహాసభ సెప్టెంబరు మొదటి వారంలో. వీడియోలో జరుగుతుంది కాబట్టి హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. ముందుగా ఈమెయిల్ పంపి మాట్లాడేవారి జాబితాలో పేరు నమోదు చేసుకోవాలని నోటీసులో ఉంది. నమోదు చేస్తాను. రెండు మూడు నిమిషాలే ఇస్తారు, కాబట్టి ప్రశ్న సూటిగా ఉండాలి. పద్మమ్మా, నువ్వు రాసి పెడతావా?

---

పేరోల్_పద్మ | 17 ఆగస్టు, ఉదయం 9:45

రాశానండీ బాబాయ్ గారూ. చదివి చూడండి.

"అధ్యక్షులకు నమస్కారం. నేను చిన్న వాటాదారుణ్ని. మన నివేదికలో శాశ్వతం కాని సిబ్బంది వేల సంఖ్యలో ఉన్నారని రాశారు. కనీస వేతనాల పట్టికలో వారి వివరాల దగ్గర వర్తించదు అని ఉంది. వారిలో ఎంతమందికి కనీస వేతనం మాత్రమే అందుతోంది, ఎంతమందికి అంతకన్నా ఎక్కువ అందుతోంది? వారిని కూడా కలిపి లెక్కిస్తే సీఈవో పారితోషికం మధ్యస్థ వేతనానికి ఎన్ని రెట్లు అవుతుంది? ఈ రెండు సంఖ్యలు వచ్చే ఏడాది నివేదికలో ప్రచురిస్తారా?"

---

తడ_ఫ్యాక్టరీ_వెంకీ | 17 ఆగస్టు, ఉదయం 10:05

మా ఫ్యాక్టరీ కంపెనీ పేరు వెతికినా అన్నా. లిస్టెడ్ అంటనే చూపిస్తా ఉండాది. నివేదిక ఇంగ్లీషులో ఉంది, 5వ సూత్రం పేజీ ఎక్కడో ఎవరైనా చెప్తారా?

---

సీఎస్_మూర్తి_బెజవాడ | 17 ఆగస్టు, ఉదయం 10:20

లింకు నాకు పంపు వెంకీ. పేజీ నంబరు, గడిలో ఉన్న సంఖ్య తెలుగులో రాసి పంపుతాను.

---

రిటైర్డ్_బ్యాంకు_శేషగిరి | 17 ఆగస్టు, మధ్యాహ్నం 12:15

ప్రశ్న బాగుందమ్మా. ఒక్క వాక్యం కలపండి. కొత్తగా చేరే ఇంజనీరుకు 2013లో ఎంత ఇచ్చారు, ఈ ఏడాది ఎంత ఇస్తున్నారు అని. ఆ రెండు అంకెలూ నా నోటితోనే చదువుతాను. ఈమెయిల్ ఇప్పుడే పంపాను. నా షేర్ల ఖాతా డీపీ ఐడీ రాసేటప్పుడు ఒక సున్నా తప్పు పడింది, సరిచేసి మళ్లీ పంపాను.